ఆకులు అడగడానికి వెళ్ళిన దూత

అనగనగా, చలి మన ఊహకు కూడా అందని దేశాల వైపు, మంచు కొండల మధ్య ఒక అడవి ఉండేది. ఆ అడవిలో రెండు బుల్లి దేశాలు ఉండేవి. ఎంత బుల్లివంటే, పొద్దున్నే ఒక దేశంలో బయలుదేరితే భోజనాల వేళకు రెండోది కూడా దాటేయొచ్చు.

కొండ వాలు మీద, ఎత్తైన ఓక్ చెట్ల మీద ఉన్నది కొమ్మలదేశం. అది ఉడుతలది. అక్కడి ఉడుతలకు మన ఉడుతల్లా వీపు మీద చారలుండవు. ఒళ్ళంతా కుంకుమ రంగు, చెవుల మీద కుచ్చులు. కింద, వాగు అవతల ఉన్నది పొదలదేశం. అది ముళ్ళపందులది. అవి కూడా మన వైపు తిరిగే ఏదుపందుల్లా పెద్దవి కావు. బత్తాయిపండు కంటే కాస్త పెద్దగా ఉంటాయి, అంతే. భయమేస్తే బంతిలా ముడుచుకుపోతాయి.

ఈ రెండు దేశాలకూ చాలాకాలంగా మాటల్లేవు. ఒకప్పుడు వాగు మీద దుంగ వంతెన ఉండేది. ఉడుతలన్నీ కలిసి దాన్ని లాగి తమ ఒడ్డున పడేశాయి. ఎందుకో ముళ్ళపందులకు తెలియదు. వెళ్ళి అడగడానికి మొహమాటం. అలాగే ఏళ్ళు గడిచిపోయాయి.

ఒక ఏడాది వేసవి చివర పెద్ద గాలివాన వచ్చింది. పొదలదేశంలో ఉన్న కాసిని చెట్లూ కూలి, ఆకులతో సహా వాగులో కొట్టుకుపోయాయి. ముళ్ళపందుల రాజు పేరు కంటకుడు. ఆయన ఆ మొదళ్ళ చుట్టూ తిరిగి తిరిగి దిగులుపడ్డాడు. చెట్లు లేకపోతే ఎండాకులు లేవు. ఎండాకులు లేకపోతే పక్కలు లేవు. పక్కలు లేకపోతే ముళ్ళపందులు చలికాలం గట్టెక్కవు.

ఎందుకంటే, పిల్లలూ, ముళ్ళపందులు చలికాలమంతా నిద్రపోతాయి. మంచు మొదలయ్యాక ఆకుల్లో దూరి కళ్ళు మూశాయంటే, మళ్ళీ పూలు పూసే కాలానికే లేవడం. ఆ నిద్రలో పిలిచినా వినపడదు, కదిపినా తెలియదు. ఒళ్ళు చల్లబడిపోతుంది. ఊపిరి కూడా ఎప్పుడో ఒకసారి, బరువుగా, ఆగి ఆగి వస్తుంది. దేశం మొత్తం ఇలా ఒళ్ళు తెలియకుండా పడుకుంటుందని బయట తెలిస్తే ఎవరు మీద పడతారో ఏమో. అందుకని తాతల కాలం నుంచీ దాన్ని రహస్యంగా ఉంచారు.

రాజు మృదులను పిలిపించాడు. మృదుల నెమ్మదైన ముళ్ళపంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే చివరిదాకా వింటుంది. ఇరుగుపొరుగు తగాదాలు వస్తే అందరూ ఆమె గడపే తొక్కుతారు.

"మృదులా, నువ్వు మన దూతగా కొమ్మలదేశం వెళ్ళాలి. వాళ్ళ అడవిలో రాలే ఆకులు మనకు ఇమ్మని అడగాలి" అన్నాడు రాజు.

"ఎందుకని అడిగితే ఏం చెప్పమంటారు, ప్రభూ?"

రాజు కాసేపు ఆలోచించాడు. "పండగ అలంకారానికని చెప్పు. ఏమైనా చెప్పు. నిద్ర సంగతి మాత్రం చెప్పకు. నాకు మాట ఇవ్వు."

మృదుల మాట ఇచ్చింది.

వాగులో రాళ్ళ మీద అడుగులు వేసుకుంటూ ఆమె కొమ్మలదేశం చేరింది. ఉడుతల రాణి పేరు కుంకుమ. రాణి మర్యాదగానే పలకరించింది కానీ ఆ మాటల్లో వెచ్చదనం లేదు. ఒక చెట్టు మొదట్లో ఉన్న తొర్రను బసగా ఇచ్చింది. ఆ చెట్టు మీదే ముసలి మంత్రి తురాయి కాపురం. దూతకు కావలసినవి చూడడం, దూత మీద ఒక కన్నేసి ఉంచడం, రెండూ ఆయన పనే.

తురాయి నవ్వేవాడు కాదు. అయినా రోజూ పొద్దున్నే తడి మట్టి తవ్వి, మొహం పక్కకు తిప్పుకుని, వానపాములు తెచ్చి తొర్ర ముందు పెట్టేవాడు. ఉడుతలకు వానపాములంటే అసహ్యం. ఆ సంగతి మృదులకు తెలుసు. "మీకు శ్రమ ఇస్తున్నాను, మంత్రిగారూ" అనేది. ఆయన ఏదో గొణిగి చెట్టెక్కేసేవాడు.

మొదటిసారి సభకు వెళ్ళినప్పుడు మృదుల రాజు చెప్పమన్నదే చెప్పింది.

"మహారాణీ, మా దేశంలో పండగ వస్తోంది. అలంకారానికి మీ అడవిలో రాలిన ఆకులు కావాలి."

"ఎండుటాకులతో అలంకారమా, దూతగారూ?" అంది రాణి. "మా దగ్గర అన్ని ఆకులు లేవు."

చుట్టూ ఆకులు గుట్టలుగా పడి ఉన్నాయి. ఇద్దరూ అబద్ధమే ఆడారని ఇద్దరికీ తెలుసు.

రెండోసారి మృదుల తమ దేశం నుంచి కమ్మని పళ్ళు తెప్పించి రాణి ముందు పెట్టింది. రాణి బుట్ట వైపు చూడను కూడా లేదు.

"మీ పళ్ళు మీరే ఉంచుకోండి. అవసరానికి వచ్చి తలుపు తడితే ఎలా ఉంటుందో మాకూ తెలుసు. మేమూ ఒకప్పుడు తట్టాం" అంది.

మృదులకు ఏమీ అర్థం కాలేదు. ఆ సాయంత్రం తురాయి చెట్టు దిగి వస్తుంటే అడిగింది.

"మంత్రిగారూ, మీరు ఎవరి తలుపు తట్టారు?"

తురాయి పూర్తిగా కిందికి దిగాడు. తర్వాత తొర్ర ముందే కూర్చున్నాడు.

"మీ తలుపులే, అమ్మా. అప్పుడు చలికాలం. ఈ చెట్ల మీద పిడుగు పడింది. గూళ్ళు కాలిపోయాయి. నా భార్య మంచులో తడిసి వణికిపోతోంది. కింద మీ ఇళ్ళు నేలలో ఉంటాయి, వెచ్చగా ఉంటాయి అనుకుని ఆమెను భుజాన వేసుకుని వాగు దాటాను. ఒక్కో ఇల్లూ తట్టాను. ఎవరూ తలుపు తీయలేదు."

"ఇళ్ళల్లో ఎవరూ లేరేమో" అంది మృదుల. ఆ మాట అంటుంటే ఆమె గొంతు ఆమెకే నచ్చలేదు.

"ఉన్నారు. తలుపుకు చెవి పెట్టి విన్నాను. లోపల ఊపిరి వినిపించింది. ఉండి కూడా పలకలేదు. తెల్లారేసరికి ఆమె లేదు. మర్నాడే వంతెన లాగేశాం."

ఆయన లేచి వెళ్ళిపోయాడు.

మృదుల ముడుచుకుని కూర్చుంది. రాజుకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. చెబితే దేశం ప్రాణాలు పరాయివాళ్ళ చేతుల్లో పెట్టినట్టు. చెప్పకపోతే ఈ ముసలాయన బతికినన్నాళ్ళూ తన భార్యను చావనిచ్చింది పొరుగువాళ్ళేనని అనుకుంటాడు. ఎటు తిరిగి ఆలోచించినా ఆమెకు ఆ మూసిన తలుపు ముందు నిలబడ్డ ఉడుతే కనిపించాడు.

మర్నాడు గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. తురాయి వానపాములతో వచ్చాడు.

"బాబాయ్, కాస్త ఆగండి" అంది మృదుల. మంత్రిగారూ అనడం ఆమె నోట రాలేదు. "ఆ రాత్రి మావాళ్ళకు మీరు తట్టింది వినపడలేదు. విని ఊరుకోలేదు. చలికాలం మేమంతా నిద్రపోతాం. చెవి దగ్గర అరిచినా మాకు వినపడదు. ఆ ఆకులు మా పక్కల కోసం. అవి లేకపోతే ఈ ఏడు మాలో చాలామంది లేవరు. ఇది ఎవరికీ చెప్పనని మా రాజుకు మాట ఇచ్చాను. కానీ మీకు చెప్పకుండా ఉండలేకపోయాను."

తురాయి చేతిలోని వానపాములు కింద పెట్టాడు. గబగబా చెట్టెక్కేశాడు.

మూడోసారి మృదుల సభకు వెళ్ళి రాణికి కూడా నిజమే చెప్పింది.

రాణి నమ్మలేదు. "నెలల తరబడి నిద్రా? ఏ ప్రాణి పడుకుంటుంది అలా? కథ బాగుంది, దూతగారూ. మొదటిరోజే చెప్పి ఉంటే నమ్మేదాన్నేమో."

మృదుల వాదించలేదు. నమస్కారం చేసి బసకు వచ్చేసింది. ఇక ఇంటికి వెళ్ళిపోవాలి అనుకుంది. అయితే కొమ్మలదేశం కొండ మీద ఉంది కదా, అక్కడికి చలి ముందే వస్తుంది. ఆ మధ్యాహ్నం మంచు రాలడం మొదలైంది. మృదుల కాళ్ళు బరువెక్కాయి. కాసేపు కూర్చుని బయలుదేరదామనుకుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ముడుచుకుపోయింది.

కొంతసేపటికి తురాయి వచ్చాడు. రాణి ఏమందో అడుగుదామని వచ్చాడు.

"అమ్మాయ్, మృదులా" అని పిలిచాడు. పలకలేదు. తొర్ర అంచు మీద తట్టాడు. పలకలేదు. ముళ్ళ మధ్య వేలు పెట్టి తాకి చూస్తే ఒళ్ళు చల్లగా ఉంది.  వంగి ఆమె ముక్కు దగ్గర చెవి పెట్టాడు.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక ఊపిరి వచ్చింది. బరువుగా, ఆగి ఆగి.

ఆ చప్పుడు ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళూ చెవిలో మోగుతూనే ఉంది. మూసిన తలుపుల వెనక ఒక్కో ఇంట్లో విన్నది అదే.

తురాయి అక్కడే కూలబడి ఏడ్చాడు. భార్య పోయినప్పుడు కోపంలో ఏడవలేకపోయాడు. ఆ ఏడుపు ఇప్పుడు వచ్చింది.

తర్వాత వెళ్ళి రాణిని చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. కుంకుమ రాణి కిరీటం తీసి పక్కన పెట్టి, మంచులో మోకాళ్ళ మీద వంగి, మృదుల ముక్కు దగ్గర చెవి పెట్టింది. లేచి చుట్టూ ఉన్నవాళ్ళను చూసింది.

"వంతెన వేయండి" అంది.

ఉడుతలన్నీ దుంగను మళ్ళీ వాగు మీదికి దొర్లించాయి. నోటితో, చేతులతో, పట్టినన్ని ఆకులు పట్టుకుని వాగు దాటాయి. కింద పొదలదేశంలో ముళ్ళపందులు ఇంకా మెలకువగానే ఉన్నాయి. ఖాళీ ఇళ్ళల్లో వణుకుతూ కూర్చున్నాయి. కంటకరాజు బయటికి వచ్చి ఆకుల మోపులు చూశాడు. సంగతి అర్థమైంది.

"మా దూత చెప్పేసిందన్నమాట" అన్నాడు మెల్లగా.

"చెప్పింది" అన్నాడు తురాయి. "ఆ చలికాలం మీ తలుపులు తట్టింది నేనే. నా భార్య నా భుజం మీద ఉంది."

రాజు తురాయి దగ్గరికి నడిచి వచ్చాడు. "నాకు వినపడలేదయ్యా. వినపడి ఉంటే తీసేవాణ్ణి" అన్నాడు.

"ఇప్పుడు తెలిసింది" అన్నాడు తురాయి. "మీరు పడుకోండి. మేం మెలకువగానే ఉంటాం. చెట్ల మీద నుంచి చూస్తే మీ ఇళ్ళన్నీ మాకు కనిపిస్తాయి."

ఆ చలికాలం ఒక నక్క పొదలదేశం వైపు వచ్చింది. వాగు ఒడ్డు చెట్ల మీద నుంచి ఉడుతలు విసిరిన ఓక్ కాయలు వడగళ్ళలా పడ్డాయి. నక్క మళ్ళీ ఆ చాయలకు రాలేదు.

పూలు పూసే కాలానికి మృదుల తురాయి చెట్టు మొదట్లోనే కళ్ళు తెరిచింది. ఒంటి మీద మెత్తగా ఆకులు కప్పి ఉన్నాయి. ఆమె నేరుగా రాజు దగ్గరికి వెళ్ళింది.

"ప్రభూ, మాట తప్పాను. ఏ శిక్ష వేసినా సరే."

"మాట తప్పావు. అది మంచిది కాదు" అన్నాడు రాజు. "కానీ మృదులా, చిన్నప్పటి నుంచీ నేను ఏ చలికాలమూ భయపడకుండా కళ్ళు మూయలేదు. ఈ ఏడే మూశాను. మళ్ళీ వెళ్ళు. మన దూతగా అక్కడే ఉండు."

ఆ ఏడాది నుంచి పొదలదేశంలో నిద్రపోయే ముందు ఎవరూ తలుపు గడియ పెట్టుకోలేదు. తర్వాతి చలికాలం మంచు తుపాను వచ్చినప్పుడు ఉడుతలు పిల్లలను చంకనేసుకుని వాగు దాటాయి. తట్టకుండానే తలుపులు తోసుకుని లోపలికి వెళ్ళాయి. తురాయి కంటకరాజు ఇంట్లోనే, ఆయన పక్కనే ఆకుల్లో నడుం వాల్చాడు. ముళ్ళు గుచ్చుకోలేదా అంటారా? గుచ్చుకునే ఉంటాయి. అయినా తుపాను వెలిసేదాకా ఆయన అక్కడి నుంచి కదలలేదు.

నీతి: మన బలహీనతను దాచుకుంటే పొరుగువాళ్ళకు అది పొగరులా కనిపించవచ్చు. నమ్మి చెప్పుకుంటే వాళ్ళే మనకు కాపలా అవుతారు.