ముత్యాల రేవులో తాడు పట్టిన చెయ్యి

రాజులు ముత్యాలకే గాని మనుషులకు విలువ కట్టని కాలంలో, అనగనగా ఒక రేవు. అక్కడి ఈతగాళ్లు నడుముకు తాడు కట్టుకుని కడలి అడుగుకు దిగి ముత్యపు చిప్పలు తెచ్చేవారు. ఊపిరి చాలక తాడు కదిపితే పడవలోని వాడు పైకి లాగాలి. ఆ తాడు పట్టేది దిగినవాడి బావమరిదే కావాలని వారి ఆచారం. ఏమరుపాటు జరిగితే పసుపుకుంకుమలు పోయేది తన తోబుట్టువుకే గనుక, వాడు రెప్ప వాల్చడు.

పడవల యజమానుల్లో ఒకడైన షావుకారు రత్నగుప్తుడికి ఇది నచ్చలేదు. "ఈ బావమరుదులు ఊరికే హడలిపోయి లాగేస్తున్నారు. సగం చిప్పలు అడుగునే మిగులుతున్నాయి" అని వారిని దింపేసి, తన జీతగాళ్ల చేతికి తాళ్లిచ్చాడు. కదిపిన వెంటనే లాగవద్దన్నాడు.

ఆ సాయంత్రం పోలయ్య అనే ఈతగాడు ముక్కున నెత్తురు కారుతుండగా ఇల్లు చేరాడు. అతని భార్య నూకాలుకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా షావుకారు దగ్గరికి వెళ్లింది.

"నేనెవరినీ కట్టేసి ముంచలేదమ్మా," అన్నాడతను చల్లగా. "నచ్చకపోతే ఇంకో పడవ చూసుకోమను. రేవు నిండా పడవలే."

నూకాలు రేవంతా తిరిగింది. ప్రతి పడవలోనూ జీతగాళ్లే. యజమానులందరూ ఒకే విందులో కూర్చుని ఒకే మాట అనుకున్నారు మరి.

అప్పుడు రాజును ఆశ్రయించింది. రాజు జాలిపడి, తాడు కదలగానే లాగి తీరాలని శాసనం చేశాడు. అమలు చూడటానికి ఒక అధికారిని పంపాడు. ఆయన షావుకారు వేయించిన పందిట్లో, షావుకారు పంపిన పానకం తాగుతూ, ఒడ్డునే కూర్చున్నాడు. కొన్నాళ్లకే గంగులు అనే ఈతగాడు శవమై తేలాడు.

"తాడు ఎంతకూ లాగలేదు దొరా," అంది నూకాలు.

"ఇక్కణ్ణించి నాకు అంతా సవ్యంగానే కనిపించింది. వాడి ఆయువు తీరింది," అన్నాడు అధికారి.

నూకాలు ఇక ఎవరినీ వేడుకోలేదు. ఇంటింటికీ వెళ్లి మాట్లాడింది. మర్నాడు ఒక్క ఈతగాడూ నీళ్లలో దిగలేదు. ముత్యాలు ఆగాక గాని రాజుకు రేవు గుర్తు రాలేదు. పల్లకి దిగుతూనే, "శాసనం చేశాను కదా, ఇంకేం కావాలి?" అని గద్దించాడు.

"శాసనం మీది, పడవ షావుకారుది, ఊపిరి మాది ప్రభూ," అంది నూకాలు. "తాడు ఎవరి చేతిలో ఉండాలో మమ్మల్నెవరూ అడగలేదు. అంతా సవ్యమేనని షావుకారూ అధికారీ, ఈ పెద్దమనుషులిద్దరూ అంటున్నారు. ఆ జీతగాళ్లనే తాడు పట్టమని, వీరిని ఒక్కసారి దింపి చూడండి."

రాజు తలూపాడు. జీతగాడు తాడు తేగానే అధికారి చేతిలోని పానకం చెంబు జారింది. రత్నగుప్తుడు చేతులు జోడించి, "ప్రభూ, మా బావమరిదికి కబురు పంపించండి," అన్నాడు.

రేవులో ఎవరూ నవ్వలేదు. గంగులు భార్య అక్కడే నిలబడి ఉంది.

రాజు తల దించుకున్నాడు. నాటినుంచి తాడు పట్టే మనిషిని ఈతగాళ్లే ఎంచుకోవాలనీ, అధికారి పడవలోనే ఉండాలనీ శాసనం మారింది.

కాబట్టి పిల్లలూ, పనివాడి ప్రాణం షావుకారు బేరానికి వదిలితే దక్కదు, ఒడ్డున కూర్చున్న శాసనానికి వదిలినా దక్కదు. దాన్ని ఎవరు కాపాడాలో చెప్పే అధికారం ఆ పనివాడికి ఉన్నప్పుడే దక్కుతుంది.