నేలచూపుల అంకాలు

ఈ కొండలన్నీ మోకాలెత్తున ఉన్న రోజులవి. కాకులింకా నల్లబడలేదు. అప్పుడు పల్లేరుపాడు అనే ఊరి చివర గుడిసెలో అంకాలు అనే గూని మనిషి ఉండేది. ఎంత గూని అనుకున్నారు? గడ్డం మోకాళ్లకు తగిలేది. పుట్టి బుద్ధెరిగాక సూర్యుణ్ణి నీళ్లలో చూసిందే తప్ప ఆకాశంలో చూడలేదు.

ఆకాశం లేకపోతేనేం, నేలంతా ఆమెదే. గురిగింజ, గవ్వ, పాము కుబుసం, ఎవరి చెప్పు నుంచో ఊడిన మేకు, ఏదీ ఆమె కన్ను దాటేది కాదు. చీమ నడిచిన జాడ చూసి, అది ఆకలితో పోయిందో, తిని పోయిందో చెప్పేది. అబద్ధమంటారా? మా ముత్తాత ఆ చీమను చూశాడు!

ఒకసారి ఊరి పెద్దకాపు ఎద్దు మెడగంట పోయింది. ఊరు ఊరంతా గాలించినా దొరకలేదు. అంకాలు వెళ్లి వాగు ఇసుకలోంచి తీసిచ్చింది.

"నీకెలా తెలిసిందే?" అన్నాడు పెద్దకాపు.

"నేల చెప్పింది దొరా."

నవ్వి, పిడికెడు జొన్నలు ఆమె కొంగులో పోశాడు.

రెండోసారి కాపు పెళ్లాం ముక్కుపుడక పోయింది. ఆవగింజలో సగం ఉంటుంది. అంకాలు కళ్లంలో పొట్టులోంచి ఏరిచ్చింది.

"నీకెలా తెలిసిందే?"

"నేల చెప్పింది దొరా."

ఈసారి నవ్వలేదు. "దాచినదానికే కదే దాపు తెలిసేది! ఇంకోసారి నీకేదైనా దొరికిందో, ఊళ్లో నీకు చోటు లేదు."

ఇక చూసినా చెప్పనని అంకాలు మట్టి ముట్టి ఒట్టేసుకుంది.

మూడోసారి పోయింది వస్తువు కాదు. కాపు కూతురు, మూడేళ్ల మల్లి. ఏడూళ్ల జనం, డెబ్బై కుక్కలు, ఏడొందల కేకలు! ఆ కేకలకు కొండ జానెడు వెనక్కి జరిగింది. పిల్ల మాత్రం దొరకలేదు.

అంకాలుకు జాడ కనిపించింది. కుందేలు అడుగులు, వాటి వెనక చిన్ని పాదాలు. చెబితే ఊరు పోతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది.

"నోరు మూసుకోవే వదినా," అంది పక్క గుడిసె గంగులు. "కిందటిసారి మెచ్చుకున్నది చాల్లేదా?"

"ఈ పాదం చూడవే. ఎడమ కాలు మోపలేకపోతోంది. ముల్లు దిగింది పసిదానికి."

వెళ్లి చెప్పింది. పాడుబడ్డ ధాన్యపు పాతరలో పిల్ల దొరికింది, ప్రాణంతో. ఒళ్లు కాలిపోతోంది, నోట మాట లేదు. తల్లి ఎత్తుకుని ఏడుస్తోంది. కాపు అంకాలు వైపు తిరిగాడు.

"నీకెలా తెలిసిందే?"

ఆమె అరచెయ్యి నేలకు ఆనించింది. ఏమన్నా వినేవాడెవడు? పిల్లను దాచి పేరు కొట్టేయాలని చూసిందన్నారు. మండుటెండలో కర్రలతో తరిమి పొలిమేర దాటించారు. గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వలేదు.

మూడో రోజున మల్లికి మాటొచ్చింది. "కుందేలు ఎనకాల పోయినా నాయనా. గుంతలో పడినా."

కాపు ఊరిని వెంటేసుకుని పరిగెత్తాడు. అంకాలు తుమ్మచెట్టు కింద చచ్చిపడి ఉంది. వెల్లకిలా పడుకోబెడదామని ముగ్గురు వస్తాదులు నొక్కారు. ఒక్కొక్కడు ఏనుగును ఎత్తి కుదేసేవాడే! ఆ నడుం సాగలేదు. ముఖం మట్టి వైపు ఉండగానే పూడ్చారు.

ఈనాటికీ పల్లేరుపాడులో, పోయిన వస్తువు తెచ్చిచ్చినవాణ్ణి ఎక్కడ దొరికిందని అడగరు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ నడుం వంచి, "అంకాలు చూసింది" అంటారు. ఎంత గొప్ప ఊరో చూశారా!

కాకపోతే, ఎవరింట్లోనైనా చెంబు కనబడకపోతే, ముందు వెతికేది ఇప్పటికీ ఊరి చివర గుడిసెల్లోనే.