మూడాకుల దుంపకు శిక్ష

ఒకానొక రాజ్యంలో ఉద్దండభూపాలుడని ఒక రాజుండేవాడు. ఆ రాజ్యం ఎక్కడుందని నన్నడక్కండి, అడిగినవాళ్లకి కథ సగంలో ఆపేస్తాను. రాజు మంచివాడే. కాకపోతే తనకు తెలియని విషయం భూమ్మీద లేదనుకునేవాడు. ఆ ఊపులో 'ఉద్దండ వనమంజరి' అని ఒక గ్రంథం కూడా రాసి పారేశాడు. అడవిలో చెట్లు, తీగలు, దుంపలు సమస్తం అందులో ఉన్నాయి. అదంతా కోట మేడ మీద పట్టుపరుపు మీద కూర్చుని రాసిందే. అడవిలో ఆయన ఒక్కనాడూ కాలు పెట్టలేదు.

ఆస్థాన పండితుడు నరహరి సోమయాజి ఆ గ్రంథం చదివి, "ఒక్క అక్షరం కూడా పొల్లుపోదు ప్రభూ, నాదీ పూచీ" అన్నాడు. రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. పడమటి దిక్కున గుమ్మకొండ మీద ఒక బడి పెట్టించి, కొండపిల్లలకు ఆ గ్రంథమే పాఠం చెప్పమని సోమయాజినే పంపించాడు.

సోమయాజికి కొండవాళ్ల మాట రాదు. నేర్చుకుందామనీ అనుకోలేదు. పైగా రాజుగారి చేత ఒక శాసనం వేయించాడు. బడిలో కొండమాట ఎవరి నోట వినబడినా వాళ్లు ముక్కు నేలకు రాయాలి. పాపం, ఆ పిల్లలకు పుట్టినప్పటి నుంచీ వచ్చిన మాట అదొక్కటే. ఏడాది తిరిగేసరికి అక్షరాలైతే పట్టుబడ్డాయి గానీ, ఒక్కరి ముక్కు మీద కూడా పుండు మానలేదు.

ఏడాది చివర పరీక్ష పెట్టాడు. ముప్పై మందికీ సున్నాలే. జవాబుల తాటాకులు కట్టగట్టుకుని కొలువుకు వచ్చేశాడు.

"మట్టి బుర్రలు ప్రభూ! ఆ బడి ఎత్తేసి, వీళ్లచేత కోటగోడకి రాళ్లు మోయించడం మేలు."

"అలాగే కానీ. గవరయ్యా, ఉత్తర్వు రాయి" అన్నాడు రాజు.

గవరయ్యంటే కొలువులో ఉత్తర్వులు రాసే రాయసం. భలే మాటకారి. అతని మాటలకు నవ్వి నవ్వి రాజు సగం కోపాలు మరిచిపోయేవాడు. గవరయ్య ఒక ఖాళీ తాటాకు తీసి, గంటం పట్టుకుని, కట్టలో పైనున్న జవాబు మీద ఓ చూపు వేశాడు. అది సుక్రి అనే పదేళ్ల పిల్లది. 'మూడాకుల దుంపను ఎట్లు భుజింపవలెను?' అన్నది ప్రశ్న. 'ఉడికించి భుజింపవలెను' అన్నది గ్రంథంలో జవాబు. ఆ పిల్ల ఏకంగా ఏడు వరసలు రాసింది. అక్షరాలు బడివి, మాటలు కొండవి. సోమయాజికి ముక్క అర్థంకాక అడ్డంగా గీకి సున్న చుట్టాడు.

గవరయ్యకు మాత్రం అర్థమైంది. అతని తల్లిది ఆ కొండే. నలుగురూ నవ్వుతారన్న భయంతో ముప్పై ఏళ్లుగా ఆ సంగతి పైకి పొక్కనివ్వలేదు. ఆ ఏడు వరసలూ చదువుతుంటే అమ్మ పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. కళ్లు చెమర్చాయి. తాను ఈ ఉత్తర్వు రాస్తే, ఇంత తెలిసిన పిల్ల రేపటి నుంచి రాళ్లతట్ట మోస్తుంది. చేతులారా ఆ పని చెయ్యడం అతని వల్ల కాలేదు.

"ఏం గవరయ్యా, గంటం మొద్దుబారిందా?"

"లేదు ప్రభూ, కోపంతో చెయ్యి వణుకుతోంది. తప్పు పిల్లలది కాదు."

"మరెవరిది? నా గ్రంథానిదా?" రాజు మీసం మీద చెయ్యేశాడు.

"శివశివా! తప్పు కొండది ప్రభూ. ఏలినవారు దుంపలు రెండే రకాలని రాస్తే, అది తొమ్మిది రకాలు మొలిపిస్తోందట. ఎంత పొగరు! అసలు దోషిని వదిలేసి పిల్లల్ని పట్టుకుంటే ఏం లాభం? తమరే స్వయంగా వేంచేసి, గ్రంథం చదివి వినిపించి, ఆ కొండను దారికి తేవాలి. అక్కడ గ్రంథంలో ఉన్నట్టే వండించుకుని తినాలి. అప్పుడు గానీ ఆ దుంపలకు బుద్ధి రాదు."

"భేష్! ఇన్నాళ్లకు ఒక్కడైనా సరిగ్గా ఆలోచించాడు!" అని రాజు తొడ చరిచాడు.

"ఒక్క సందేహం సోమయాజులుగారూ. బడి శాసనం కొండ మీద ఆరుబయట కూడా చెల్లుతుందా?"

"గురువెక్కడుంటే అదే బడి!" అన్నాడు సోమయాజి గంభీరంగా.

"ప్రభువులు విన్నారుగా" అని గవరయ్య సుక్రి తాటాకునూ, తాను రాయని ఖాళీ తాటాకునూ నడుముకు దోపుకున్నాడు.

నాలుగో రోజుకల్లా రాజుగారి సవారీ కొండెక్కింది. రాజు పల్లకీ దిగి, కొండకు ఎదురుగా నిలబడి, గ్రంథంలో మొదటి అధ్యాయమంతా గొంతెత్తి చదివాడు. కొండ కిక్కురుమనలేదు. రాజుకు మాత్రం ఆకలి దంచేసింది.

ఈలోగా వంటవాళ్లు గ్రంథంలో గుర్తులు చూసుకుని, అవతలి వాలులో మూడాకుల తీగ కింద తవ్వి, దుంపలు తెచ్చి ఉడికించి రాజు ముందు విస్తరిలో వడ్డించారు. తెల్లగా, మెత్తగా నోరూరిస్తూ ఉన్నాయి. రాజుగారి ముందు పాఠం అప్పజెప్పడానికి పిల్లల్ని వరసగా నిలబెట్టారు. వాళ్ల వెనక కొండజనం శాసనానికి భయపడి నోరు మెదపకుండా నిలబడ్డారు.

"ప్రతి అక్షరానికీ పూచీ పడింది సోమయాజులుగారు. మొదటి ముక్క ఆయనకే దక్కాలి ప్రభూ" అన్నాడు గవరయ్య.

సోమయాజి మురిసిపోతూ ముక్క తీసి నోటి దాకా తెచ్చాడు. ఆ చెయ్యి పట్టుకుందామని గవరయ్య పక్కనే సిద్ధంగా ఉన్నాడు. అంత అవసరం రాలేదు. వరసలోంచి సుక్రి కెవ్వుమని అరిచి, పరుగున వచ్చి, గురువుగారి చేతి మీద ఒక్కటి కొట్టింది. ముక్క దుమ్ములో పడింది. పిల్ల కొండమాటలో గడగడా ఏదో చెప్పేస్తోంది.

"బడిలో కొండమాటా! రాయి ముక్కు నేలకి!" సోమయాజి మండిపడ్డాడు.

సుక్రి మోకాళ్ల మీద కూలబడింది. ముక్కు నేలకు రాస్తూనే విస్తరి వైపు వేలు చూపించి, ఏడుస్తూ చెబుతూనే ఉంది.

రాజు విస్తరి మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏమంటోందయ్యా ఆ పిల్ల? ఎవరైనా చెప్పండి!"

"నేను చెప్పగలను ప్రభూ. కానీ ముందు తన మాటలో దాన్ని నాలుగు ముక్కలు అడగాలి. గురువుగారు ఇక్కడే ఉన్నారు, కనక ఇది బడి. అడిగితే నేనూ ముక్కు రాయాలి, నాది అసలే పొడుగు ముక్కు. మనకెందుకులెండి, చల్లారక ముందే తమరు ఆరగించండి."

రాజు ముక్క తీశాడు. పెట్టేశాడు. మళ్లీ తీశాడు. పిల్ల వైపు చూశాడు.

"శాసనం రద్దు! ఈ క్షణమే రద్దు! అడగవయ్యా మహానుభావా!"

గవరయ్య పిల్లను లేవనెత్తి, ముప్పై ఏళ్ల తరువాత మొదటిసారి తన తల్లి మాట మాట్లాడాడు. కొండజనం నోళ్లు తెరుచుకుని చూశారు.

"ఈ దుంప చేదువిషమట ప్రభూ. పల్చగా తరిగి, బుట్టలో పోసి, పారే ఏట్లో మూడు రోజులుంచితే ఆ విషం పోతుందట. ఆ తరువాతే ఉడికించాలట. ఊరికే ఉడికించి తిన్నవాడు మళ్లీ లేవడట. 'మా పంతులు చచ్చిపోతాడు, తిననివ్వకండి' అని ఏడుస్తోంది." నడుము నుంచి తాటాకు తీసి రాజు చేతికిచ్చాడు. "ఇదే సంగతి పరీక్షలో కూడా రాసింది. సున్న వచ్చింది."

సోమయాజి నిలువునా నీరైపోయాడు. తన ఉత్తరీయంతో పిల్ల ముక్కు మీద దుమ్ము తుడిచి, "నీకు సున్న వేశానటే తల్లీ!" అని భోరుమన్నాడు.

"నీకీ మాట ఎలా వచ్చు గవరయ్యా?" అన్నాడు రాజు మెల్లగా.

"మా అమ్మ మాట ప్రభూ. సిగ్గుపడి ఇన్నాళ్లూ దాచాను. తప్పు చేశాను."

అంతలో సుక్రి వాళ్ల అవ్వ బుద్రి, ఇంట్లోకని మూడు రోజులుగా ఏట్లో నానబెట్టిన దుంపలు ఉడికించి తెచ్చి రాజు ముందు పెట్టింది. రాజు ముచ్చటగా మూడుసార్లు వడ్డించుకున్నాడు. కడుపు నిండాక, "అవ్వా, బడిలో పాఠం చెబుతావా?" అన్నాడు. గవరయ్య అటూ ఇటూ మాట చేరవేశాడు.

"చెబుతాను దొరా. గోడల మధ్య కూచోబెట్టి మాత్రం చెప్పలేను. తీగ పాఠం తీగ దగ్గర, ఏటి పాఠం ఏటి దగ్గర. అదీ మా మాటలోనే."

"అలాగే కానీ. మీ పంతులు కూడా వచ్చి నీ దగ్గర నేర్చుకుంటాడు." రాజు బెరుకుగా గ్రంథం ముందుకు జరిపాడు. "మరి నేను కష్టపడి రాసింది... పారెయ్యాల్సిందేనా?"

అవ్వ గ్రంథాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "పారెయ్యడమెందుకు దొరా? మూడు రోజులు ఏట్లో నానబెట్టు. విషమంతా పోయాక ఏమైనా మిగిలితే, అది మా పిల్లలకు పెడదాం."

గవరయ్య ఈ మాట చేరవేయాలా వద్దా అని తటపటాయించి, కళ్లు మూసుకుని అనేశాడు. భటులు గడగడలాడారు. రాజు ఒక్క క్షణం గుడ్లురిమి చూసి, ఆ తరువాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. కిరీటం జారి దుంపల బుట్టలో పడేదాకా నవ్వాడు. నవ్వీ నవ్వీ, తన చేతి కంకణం తీసి గవరయ్యకు తొడిగాడు. కొండబడికి రాయసంగా కూడా నువ్వే ఉండాలన్నాడు.

గవరయ్య అక్కడే రాతి మీద కూర్చుని, నడుము నుంచి ఆ ఖాళీ తాటాకు తీశాడు. పిల్లలచేత రాళ్లు మోయించే ఉత్తర్వు దాని మీదే రాయాల్సింది. సుక్రిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"చెప్పు తల్లీ, మూడాకుల దుంప ఎలా తినాలి?" అన్నాడు అమ్మ మాటలో.

సుక్రి చెప్పింది. గవరయ్య ఏడు వరసలూ పొల్లుపోకుండా రాసుకున్నాడు. ఆ బడిలో మొదటి పాఠం అదే.