రెండు సూదుల మధ్య

డాక్టర్ త్రిపురాంబ గారిని ఏదైనా అడిగితే జవాబు నోటివెంట రాదు. ఆవిడ కుర్చీలోంచి లేస్తారు. అడిగినవాడు వెనకాలే నడవాలి. ఎక్కడికో తీసుకెళ్తారు, ఏదో చూపిస్తారు, తిరిగొచ్చి తన కాగితాల్లో తాను మునిగిపోతారు. అర్థమైతే అయింది, లేకపోతే నీ ఖర్మ. అందుకే ఆ బోధనాసుపత్రిలో చేతినిండా పని ఉన్నవాడెవడూ ఆవిడ జోలికి పోయి ప్రశ్నలడగడు.

డాక్టర్ చిత్తరంజన్‌కి ఆ రోజు చేతినిండా కాదు, మెడదాకా పని ఉంది. అయినా అడిగాడు. ఒళ్ళు మండిపోతున్నవాడికి వెనకా ముందూ ఏం కనిపిస్తుంది?

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంటారు కదా మేడమ్, నాకు పడవలు మూడు! పొద్దున రాగానే ల్యాబులో శాంపిల్ తీసి తల ఎత్తానో లేదో వార్డు నుంచి పిలుపు. వార్డులో పని సగంలో ఉండగా ఆసుపత్రి కమిటీ వాళ్ళ పిలుపు. పోనీ ఇల్లు చల్లగా ఉందా? అదీ లేదు. మా ఆవిడకి బ్యాంకులో ప్రమోషనొచ్చింది, కర్నూలు వెళ్ళాలట. ఒప్పుకుంటుందో లేదో ఇవాళ సాయంత్రంలోగా చెప్పెయ్యాలి. వారం రోజులుగా అన్నం దగ్గర ఇదే గొడవ. వెళ్ళమంటే పాపని ఎవరు చూస్తారు? వద్దంటే జన్మంతా దెప్పుతుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం! ఆలోచించుకోవడానికి మనిషికి కాస్త తీరిక ఉండొద్దూ? అటు వైద్యం, ఇటు పరిశోధన, మధ్యలో సంసారం. మీరు ఇన్నీ ఎలా నెట్టుకొచ్చారు?"

త్రిపురాంబ గారు కలం మూత పెట్టారు. "ఈ ప్రశ్న నన్ను నలభై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారయ్యా. అడిగిన మొదటి మగాడివి నువ్వే," అని లేచారు.

చిత్తరంజన్ వార్డుకే తీసుకెళ్తారనుకున్నాడు. ఆవిడ వార్డు వైపు తిరగనే లేదు. నాలుగడుగులు వేసి పక్కనే ఉన్న ల్యాబు గది తలుపు తోశారు.

లోపల కుర్చీలో ఇందుమతి కూర్చుని ఉంది. చిత్తరంజన్ భార్య. మోచేతి మడతలో దూది, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు. ముఖం వాడిపోయి ఉంది.

బక్కపల్చటి వాళ్ళకి చక్కెర జబ్బు ఎందుకొస్తుందన్నది చిత్తరంజన్ పరిశోధన. జబ్బున్నవాళ్ళకి కొదవ లేదు గానీ, పోల్చి చూడటానికి ఏ జబ్బూ లేనివాళ్ళు కావాలి. వాళ్ళు దొరకరు. ఊరికే సూది పొడిపించుకోవడానికి ఎవరొస్తారు? మొన్న భోజనాల దగ్గర అతను విసుక్కుంటుంటే, "నేనొస్తాను," అంది ఇందుమతి. ఎంత సంతోషపడ్డాడో! ఆ రోజే కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఈ ఉదయం పరగడుపున రక్తం తీసి, గ్లూకోజు నీళ్ళు తాగించి, రెండు గంటలయ్యాక మళ్ళీ తీస్తానని చెప్పి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే మరిచిపోయాడు.

"వచ్చేటప్పుడు చూశాను. ఇంకా ఇక్కడే ఉంది," అన్నారు త్రిపురాంబ గారు. "కేసు నీదేగా?"

చిత్తరంజన్ గోడ గడియారం వంక చూసి నెత్తి పట్టుకున్నాడు.

"అయ్యో, రెండో శాంపిల్! టైము ఎప్పుడో దాటిపోయింది! పిలవొద్దూ ఇందూ? ఒక్క కేకేస్తే సరిపోయేదిగా! చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరయింది."

"కుర్చీలోంచి లేవొద్దన్నారు. లేచి తిరిగితే లెక్క తప్పుతుందన్నారు," అంది ఇందుమతి. "ఫోను చేశాను. మీరు ఎత్తలేదు."

అప్పటికిగానీ అతనికి ఆమె ముఖం కనపడలేదు. అప్పటిదాకా చూసింది శాంపిల్‌నే.

"పేషెంటు రాగానే మొదట ఏమడుగుతావు?" అన్నారు త్రిపురాంబ గారు.

"ఎందుకొచ్చారని అడుగుతాను."

"అడుగు."

"మేడమ్, ఈవిడ పేషెంటు కాదు, మా..."

"అడగవయ్యా."

చిత్తరంజన్‌కి తిక్క రేగింది. పని మీద పని పేరుకుపోతుంటే ఈ నాటకమేమిటి? అయినా గురువు ముందు ఏమంటాడు! పాఠం అప్పజెప్పినట్టు అడిగాడు. "ఎందుకొచ్చావు?"

ఇందుమతి చెయ్యి చాపి, దూది తీసి, అంటుకున్న రక్తపు చుక్కని చూసుకుంది.

"మీ శాంపిల్ మీరే తీస్తారని, ఇంకొకళ్ళని ముట్టనివ్వరని మీరే చెప్పారుగా. రెండు సూదులకీ మధ్య రెండు గంటలు. ఆ రెండు గంటలూ నా పక్కనే కూర్చుంటారనుకున్నాను. ఇంట్లో ఎలాగూ కుదరడం లేదు, కర్నూలు సంగతి ఇక్కడైనా మాట్లాడుకోవచ్చని వచ్చాను."

ఆమె అరవలేదు. అరిస్తే అతనూ అరిచేవాడు, అలవాటైన దారిలో పడేవాడు. ఆమె దూదిని డబ్బాలో పడేసి, బ్యాగు భుజాన వేసుకుంది.

"సాయంత్రం దాకా ఎందుకు లెండి. బ్యాంకుకి ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను," అని త్రిపురాంబ గారికి నమస్కారం పెట్టి బయటికి నడిచింది. ఏమని చెబుతుందో చెప్పలేదు.

చిత్తరంజన్ ఆ ఖాళీ కుర్చీ దగ్గర నిలబడిపోయాడు. సిగ్గేసింది. సిగ్గుతోపాటు కోపమూ వచ్చింది. కోపం ఎవరి మీద చూపించాలో వెతికాడు. వార్డు మీదా, కమిటీ మీదా, చివరికి గడియారం మీద కూడా చూపించబోయాడు. ఏదీ నిలవలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఒక అంతస్తు దిగి, ఆ కింది మెట్ల వైపు మళ్ళింది.

త్రిపురాంబ గారు అప్పటికే తన గదికి వెళ్ళి కాగితాలు ముందేసుకున్నారు. అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గొంతులో ఇంకా ఉక్రోషమే.

"మేడమ్, మీరు నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి అతన్ని చూశారు.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా?" అన్నారు.