ఏడో నంబరు రాయి జరిగిన సంగతి

ఈ కథ మొదట చెప్పింది గొర్రెల కదిరప్ప. తర్వాతవాళ్లు దీన్ని ఎక్కడ పాడుచేశారో చివర తెలుస్తుంది.

అలలగుట్ట మీద బండలన్నీ గీతలే. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదట. అలలు ఇసుక మీద గీసిన గీతలు ఇసుకతోపాటే రాయైపోయాయి. అలాంటి చోటు మళ్లీ దొరకదని సర్కారు చట్టం చేసి, చుట్టూ సున్నం కొట్టిన హద్దురాళ్లు పాతింది. లోపల బండ పగలగొట్టకూడదు, వేటాడకూడదు, కుక్కల్ని తోలకూడదు. అది మనుషులకు పెట్టిన కట్టడి. "మనిషే మానుకున్నాక మనం మానకపోతే పరువేముంటుంది?" అని జంతువులు కూడా ఒక మాట అనుకున్నాయి: హద్దు లోపల గుడ్డు ముట్టకూడదు.

ఆ మాటకు అందరికంటే గట్టిగా తలూపింది గుంటనక్క. అందరికంటే ముందు బాధపడిందీ అదే. ఏడో నంబరు రాయికి కుడిపక్క, హద్దు లోపల, గులకరాళ్ల మధ్య తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. ఎడమపక్క, అదీ హద్దు లోపలే, నక్క బొరియ. పొద్దున లేస్తే కనిపించేవి ఆ గుడ్లే.

గుట్ట కింద మేసే బూడిదరంగు మైలెద్దు దగ్గరికి పోయింది నక్క. మైలెద్దు పన్నెండేళ్లు కాడికి దాపటెద్దు, అంటే ఎడమవైపు కట్టే ఎద్దు. అది దున్నిన సాలు నూలుపోగు పెట్టి గీసినట్టు ఉండేది. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా అది చెప్పేది.

"తాతా, ఆ ఏడో రాయి చూశావా? వరసకు వంకర."

"పాతిన రోజే చూశాను. ఎవడు పాతాడోగానీ వాడికి కంటిచూపు లేదు."

"నీలాంటివాడు ఉండగా ఆ వంకర అట్లాగే ఉంటే నాకే తలవంపులుగా ఉంది."

ఎద్దు చెవులు నిక్కాయి. మెడలో తెగిన పలుపు ఉండనే ఉంది. నక్క రాయి చుట్టూ మన్ను గీరి, పలుపు కొస కట్టి, చేలో గుంటకెక్కి ఎద్దుల్ని తోలేవాడిలా రాయెక్కి నిలబడింది.

"నేరుగా లోపలికి పో తాతా. గూడు దాటాక కుడికి తిప్పు."

రాయి కదిలిందో లేదో తీతువు నెత్తిమీద గిరగిరా తిరిగింది. "మైలయ్య మామా! ఆ రాయి నా గూడు దాటితే నా గుడ్లు హద్దు బయట పడతాయి! బయటి గుడ్డు ఎవరిదైనా గుడ్డే అని రాత్రి ఈ నక్క పాడుకుంటుంటే విన్నాను!"

ఎద్దుకు అప్పుడు తెలిసింది, తన గీర తననెంత దూరం లాక్కొచ్చిందో. ఆ మాట మనసులో రాసిపెట్టుకుంది.

"కుడికి! కుడికి!" అంది నక్క. దాని కళ్లు గుడ్ల మీద, నాలుక మూతి మీద.

"నేను దాపటెద్దును నాయనా. సాలు చివర పన్నెండేళ్లు ఎడమకే తిరిగాను."

ఎడమకు తిరిగింది. బొరియ వెనకగా చుట్టి వచ్చి ఆగింది. "దిగు. పని అయింది."

నక్క దూకి గూటి వైపు పరిగెత్తింది. "బయటి గుడ్డు ఎవరిదైనా..."

"వెనక్కి చూడు" అంది ఎద్దు.

చూసింది. గుడ్లు హద్దు లోపల. బొరియ హద్దు బయట. బొరియ ముందు దోసతోట కుక్క తీరిగ్గా కూర్చుని ఉంది.

"ఏం బావా, కొత్త హద్దు బాగుందే! రోజూ ఈ రాయి దగ్గరే కావలివాడు నన్ను ఆపేవాడు. నా తోటలో పోయిన దోసకాయల సంగతి ఇక్కడే కూర్చుని మాట్లాడుకుందామా?"

నక్క పరిగెత్తింది. తోకలో సగం మాత్రం కుక్క దగ్గర ఉండిపోయింది.

మర్నాడు గుట్ట కావలివాడు పటం పట్టుకొచ్చి, కొలిచి, ఏడో రాయిని పాత చోటే పాతాడు. వంకర వంకరగానే ఉంది. ఎద్దు చూసి ముక్కు విదిలించి ఊరుకుంది. పదిరోజులకు నాలుగు పిల్లలు అలల గీతల మీద గునగునా నడిచాయి.

నీతి: జరిపితే రాయి జరుగుతుంది గానీ, పటంలో రాసిన చట్టం జరగదు.

నక్క మాత్రం, ముసలెద్దు కళ్లు కనబడక ఎడమకు తిరిగిందని ఊరూరా చెప్పుకుంది. ఇప్పుడు పిల్లలకు చెప్పేవాళ్లదీ అదే పాట. మైలెద్దు తెలిసే తిరిగింది. అక్షరం బాగా వచ్చినవాళ్లు ఎవరైనా ఈ ఒక్క ముక్క సరిచేసి రాయండి.