పిడుదులా, పిడుగులా?

ఒకప్పుడు పశువుల ఒంటికి పట్టి రక్తం తాగే పిడుదులకు కాలాలు తెలియవు. ఎండైనా, వానైనా ఒకేలా కిక్కిరిసి ఉండేవి. కాటుకమ్మ అనే గేదె ఒంటిమీదైతే చెప్పనే అక్కర్లేదు. చెవుల్లో కాపురాలు, తోక కింద పెళ్ళి విందులు! పాపం, చెట్టుకేసి ఒళ్ళు రుద్దుకుందామన్నా, అక్కడ ఎద్దులూ మేకలూ ముందే వరసలో నిలబడి ఉండేవి.

తన రక్తం పోతే పోనీలే అని ఊరుకునేదే. కానీ ఓ రోజు పిడుదులు ఆమె దూడ చుక్కి మీదికి కూడా ఎక్కాయి. చుక్కి లేచి నిలబడలేకపోయింది. కాటుకమ్మకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది.

"ఏమర్రా, పసిదాన్ని కూడా వదలరా?"

"చుట్టాలం వదినా! పొమ్మంటే బాగుంటుందా?" అంది చెవిలోంచి ఓ బొద్దు పిడుదు, తేన్చుతూ.

ఇక లాభం లేదని కాటుకమ్మ తల పైకెత్తి మబ్బుమామను పిలిచింది. మబ్బుమామ మంచివాడే. కాకపోతే తన ఉరుములు తానే విని విని చెవుడొచ్చింది.

"మామా! నా బిడ్డమీద పిడుదులు పడ్డాయి!"

"ఏంటీ? పిడుగులు పడ్డాయా?"

"పిడుగులు కాదు మామా, పిడుదులు! నా చెవిలో కూడా ఉన్నాయి!"

"చెవిలో పిడుగులా!" నల్లటి మబ్బుమామ ముఖం తెల్లబోయింది. "నా చేతులతో పసిదాన్ని కొట్టానా? ఛీ, నా బతుకు! ఇక ఈ దిక్కుకే రాను."

ముక్కు చీదుకుంటూ, వానను చంకనేసుకుని కొండలు దాటి వెళ్ళిపోయాడు.

ఎండ మండిపోయింది. గడ్డి మాడింది. గడ్డిలో పెట్టిన పిడుదుల గుడ్లు అప్పడాల్లా వేగిపోయాయి. "ఇదేం మర్యాద వదినా!" అంటూ చుట్టాలు ఒక్కొక్కరే రాలిపోయారు. చుక్కి గంతులేసింది. కాటుకమ్మ కడుపారా నవ్వుకుంది.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. మేత లేక ఆమె పొదుగు ఎండిపోయింది. చుక్కి పొదుగును కుమ్మి కుమ్మి, ఖాళీ నోటితో తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపు కాటుకమ్మ తట్టుకోలేకపోయింది. కొండెక్కి గొంతు చించుకుని అరిచింది.

"మామా, వచ్చెయ్!"

"నేనొస్తే అవీ నా వెంట వస్తాయి అమ్మాయ్!" అన్నాడు మబ్బుమామ, పిడుగుల్ని తలుచుకుని.

"రానీ మామా," అంది కాటుకమ్మ, పిడుదుల్ని తలుచుకుని. "నామీద పడితే పడనీ. నా బిడ్డకు పాలుంటే చాలు."

మబ్బుమామ భోరుమన్నాడు. నేలంతా తడిసింది. గడ్డి మొలిచింది, పొదుగు నిండింది, చుట్టాలూ దిగారు. కానీ ఎవరికి దెబ్బ తగులుతుందోనన్న బెంగ ఆయనకు పోలేదు. కొన్నాళ్ళు కురిసి, మళ్ళీ కొండల అవతలికి పారిపోయాడు.

అప్పటినుంచే వానలు పడితే పిడుదులు పెరుగుతాయి, ఎండలు ముదిరితే తగ్గిపోతాయి. ఎంత జోరువాన కురిసినా గేదె మాత్రం ఒక్క అడుగు కూడా కదలదు. కదిలితే, దెబ్బ తగిలిందనుకుని మామ మళ్ళీ వెళ్ళిపోతాడని భయం!