పైకప్పు లేని కారు, కొత్వాలు గారి కాపలా

చిలకలకోట రాజు విజయగోపాల భూపతికి ఉన్నట్టుండి ఒక ముచ్చట పుట్టింది. ఊరేగుతుంటే ప్రజలకు తన ముఖం కనపడాలి, తన పాటలు వినపడాలి. వెంటనే పైకప్పు లేని కారు కొన్నాడు. దాంతో వచ్చిన రేడియో గరగరలాడుతోందని పట్నం నుంచి ఖరీదైన స్టీరియో తెప్పించి బిగించాడు.

వారం తిరక్కుండా ఆ స్టీరియోను దొంగలు ఎత్తుకుపోయారు.

కొత్వాలు రణభైరవుడు మీసం దువ్వాడు. మళ్లీ కొన్న స్టీరియోకు గొలుసు కట్టించాడు. దొంగలు గొలుసుతో సహా పట్టుకుపోయారు. ఈసారి కొత్వాలు బాగా ఆలోచించి కారు తలుపులకు ఇత్తడి తాళాలు వేయించాడు. నిండుసభలో తాళంచెవులు గలగలలాడించి చూపించాడు కూడా.

సభ చప్పట్లు కొట్టింది. విదూషకుడు చెంచయ్య ఒక్కడే పకపకా నవ్వాడు.

"ఎందుకా నవ్వు?" అన్నాడు రాజు.

"ఏం లేదు ప్రభూ. పైకప్పు లేని కారుకి తలుపు తాళాలు చూసి, దొంగలు ఎంత భయపడతారో అని!"

కొత్వాలు ముఖం కందగడ్డ అయింది. "అంత తెలివైనవాడైతే ఆ స్టీరియోను అతన్నే కాపాడమనండి ప్రభూ! నా భటుల్లో ఒక్కణ్ణి కూడా ఇవ్వను."

రాజుకు ఇది మంచి వినోదంగా తోచింది. "సరే. రేపు సంతలో కారు నిలబెడతాం. పైన ఏమీ కప్పకూడదు, స్టీరియో కారు దాటకూడదు. పొద్దుగూకేసరికి అది ఉంటే బహుమానం. లేదంటే నువ్వు పెళ్లాంతో సహా రాజ్యం వదిలి పో!"

చెంచయ్యకు నిజంగానే భయం వేసింది. ఇంట్లో భార్య సుందరమ్మ విషయం వినగానే గిన్నెలు మూటగట్టడం మొదలుపెట్టింది.

"ఆ నవ్వేదో ఇంటికొచ్చి నవ్వచ్చుగా! సభలోనే నవ్వాలా?"

మర్నాడు సంత నిండేసరికి కారులో స్టీరియో ఉండాల్సిన చోట పెద్ద కంత! అందులోంచి తీగలు వేళ్లాడుతున్నాయి. పక్కన చెంచయ్య నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

చిలకలకోట వాళ్లు పెళ్లికి పిలిచినా బద్ధకిస్తారేమో కానీ, పరామర్శకు మాత్రం పిలవకుండానే వస్తారు. వచ్చినవాళ్లు ఊరికే పోరు. ఎలా పోయిందో అడగాలి, తమకేం పోయిందో చెప్పాలి.

"అయ్యో, ఎలా పోయింది చెంచయ్యా?"

"మా మేక కూడా అచ్చం ఇలాగే పోయింది!"

కారు చుట్టూ జనం గోడ కట్టినట్టు నిలబడ్డారు. దొంగలు కూడా వచ్చారు. కంత చూసి, తమకంటే ముందే ఎవడో కానిచ్చాడని చిన్నబుచ్చుకుని వెళ్లిపోయారు.

కబురు తెలిసి కొత్వాలు తలపాగా కూడా చుట్టుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. కారు తలుపుకు ఆనుకుని ఉపన్యాసం అందుకున్నాడు.

"నేనైతేనా, ఈగను కూడా వాలనిచ్చేవాణ్ణి కాదు!"

కొత్తగా ఎవరొచ్చినా మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. అంత ఆనందాన్ని వదిలి ఎవరు కదులుతారు?

పొద్దుగూకే వేళకు రాజు వచ్చాడు. కంతలోకి తొంగిచూసి కళ్లెర్రజేశాడు.

"మూట కట్టుకున్నావా చెంచయ్యా?"

చెంచయ్య డ్రైవరు సీటు కిందికి చెయ్యి పోనిచ్చి ఏదో నొక్కాడు. సంతంతా అదిరిపోయేలా పాట మోగింది. కొత్వాలు ఎగిరి పక్కనున్న టమాటా బుట్టలో పడ్డాడు.

"మరి ఈ కంత? ఈ తీగలు?" అన్నాడు రాజు.

"స్టీరియోను కంతలోంచి తీసి సీటు కింద బిగించాను ప్రభూ. కారైతే దాటలేదు. ఈ తీగలు మా ఇంట్లో బట్టలారేసే దండెం తీగ తుంచిన ముక్కలు. మన ఊళ్లో ఉన్న వస్తువును ఎవరూ పట్టించుకోరు. పోయిందంటే మాత్రం ఊరంతా చుట్టూ నిలబడుతుంది."

"అయినా భటుడు లేకుండా రోజంతా కాపలా కాశావంటే గొప్పే!"

చెంచయ్య వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"నేనెక్కడ కాశాను ప్రభూ? భటుణ్ణి ఇవ్వనన్న కొత్వాలు గారే వచ్చి, పొద్దున్నుంచీ తలుపు వదలకుండా కాశారు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. సంతంతా గొల్లుమంది. రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి చెంచయ్య మెడలో వేశాడు. జనంలోంచి సుందరమ్మ కేక వేసింది:

"ఇప్పుడు నవ్వవయ్యా, ఎంతసేపైనా!"